బుద్ధుడి మాన్యాలు, సర్కారు పెత్తనం

నాసిక్ దగ్గరి కొండ మీద మూడో నంబరు గుహ వసారా గోడకి గౌతమీపుత్ర శాతకర్ణి చెక్కించిన ఉత్తరువులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆయన ఏలుబడి 24వ ఏట, తల్లితో కలిసి, గోవర్ధనంలో ఉన్న అమాత్యుడు శ్యామకుడి పేర పంపింది. సంగతి చిన్నదే. ఆ కొండ మీది భిక్షువులకు లోగడ కఖడి అనే ఊళ్లో పొలం ఇచ్చారు. ఆ పొలం ఎవరూ దున్నడం లేదు. అసలా ఊళ్లో కాపురాలే లేవు. అందుకని నగరం పొలిమేరలో ఉన్న రాచపొలంలోంచి నూరు నివర్తనాల కొలత నేల భిక్షువులకు ఇవ్వమని ఆజ్ఞ. ఆ పొలంలో రాజోద్యోగులు అడుగుపెట్టకూడదు, ఉప్పు కోసం తవ్వకూడదు అని దాని వెంట మినహాయింపులు కూడా ఉన్నాయి.

బౌద్ధ విహారాల భూముల మీద ప్రభుత్వ నిర్వహణ అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి మొదటి కాగితం నాకు తెలీదు. ఇచ్చేవాడు రాజు, అమలు చేసేవాడు అధికారి, అనుభవించేది సంఘం. ముగ్గురికీ శాసనంలో చోటుంది. దున్నేవాడి ప్రస్తావన మాత్రం అతను లేడు కాబట్టి వచ్చింది. ఉన్నన్నాళ్లూ కనపడని మనిషి వెళ్లిపోయాక రికార్డుకెక్కాడు. సుమారు పందొమ్మిది వందల ఏళ్ల తర్వాత కూడా శ్రీలంకలో, బుద్ధగయలో, థాయిలాండ్‌లో విహారాల ఆస్తుల మీద వచ్చిన చట్టాలు చదువుతుంటే అదే ఖాళీ కనపడుతుంది. భిక్షువు చేతిలో ఉండాలా, గృహస్థ ధర్మకర్త చేతిలోనా, కలెక్టరు చేతిలోనా అని తరాల తరబడి వాదించుకున్నారు. ఆ మడిలో నాట్లేసిన మనిషికి ఏ కమిటీలోనూ కుర్చీ వెయ్యలేదు. ఈ సమీక్ష అంతా ఆ ఖాళీ చుట్టూనే తిరుగుతుంది.

భూమీ భిక్షువూ ఎందుకు ఇంత ఇబ్బందికరంగా కలిశారో ముందు చూడాలి. భిక్షువుల నడవడిని నిర్దేశించే వినయ నియమాల ప్రకారం భిక్షువు నేల తవ్వకూడదు. తవ్వితే అది పశ్చాత్తాపం చెప్పుకోవలసిన దోషం. పంట పండించడం, దాచుకోవడం అతని పని కాదు. అయినా దాతలు భూములిచ్చారు. అందువల్ల మొదటి నుంచీ సంఘానికి మధ్యలో మనుషులు కావలసి వచ్చారు. వాళ్లని ఆరామికులన్నారు. బింబిసారుడు పిలిందవచ్ఛుడనే భిక్షువుకి అయిదు వందల మంది ఆరామికుల్ని ఇచ్చాడనీ, వాళ్లు కాపురమున్న చోటు ఒక ఊరే అయిందనీ వినయపిటకంలోనే ఉంది. అంటే భూమితోపాటు మనుషుల్నీ దానమిచ్చారన్నమాట. యజమాని సొంత చేత్తో సాగు చెయ్యకూడని ఆస్తి ఇది. కాబట్టి ఎవరో దున్నాలి, ఎవరో లెక్క రాయాలి, ఆ ఇద్దరినీ ఎవరో అదుపు చెయ్యాలి. ఆ మూడో పనికే రాజ్యం లోపలికొచ్చింది. దొరలొచ్చాక పుట్టిన సమస్య కాదిది.

శ్రీలంక దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఈ ప్రశ్నలోని ప్రతి మలుపూ అక్కడ కాగితం మీద ఉంది.

కాండీ రాజ్యంలో భూములు నాలుగు తెగలు. రాజు సొంత ఊళ్లు గబడాగమలు, ప్రభువులవి నిందగమలు, విహారాలవి విహారగమలు, దేవాలయాలవి దేవాలగమలు. విహారం కింది ఊళ్లో ప్రతి కుటుంబానికీ ఒక పంగు, అంటే ఒక వంతు భూమి ఉంటుంది. భూమి ఉన్నందుకు విహారానికి ఒక పని చెయ్యాలి. ఒకరు డోలు వాయించాలి, ఒకరు కుండలు చేసి ఇవ్వాలి, చాకలి కుటుంబం పందిళ్లకి చలువ గుడ్డలు కట్టాలి, ఇంకొకరు విహారం సొంత మడి దున్నిపెట్టాలి. తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మంగలి మాన్యం, కుమ్మరి మాన్యం, భజంత్రీల మాన్యం అని మన గుళ్ల కింద నిన్న మొన్నటిదాకా ఉన్నవి ఇవే. పనిని బట్టి భూమి, కులాన్ని బట్టి పని. ఈ ఏర్పాటంతా నిలబడింది రాజు మీద. పని ఎగ్గొట్టిన వాణ్ని దండించేదీ, సొమ్ము తినేసిన నిలమేని, అంటే ఆస్తి చూసే గృహస్థ అధికారిని, తీసేసేదీ, పెద్ద భిక్షువుకి అధికార పత్రం ఇచ్చేదీ ఆయనే.

1815 మార్చి 2న కాండీ ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. దాని అయిదో షరతు ప్రకారం బౌద్ధమతాన్నీ, దాని క్రతువుల్నీ, భిక్షువుల్నీ, ఆరాధనా స్థలాల్నీ కాపాడే పూచీ బ్రిటిష్ ప్రభుత్వానిది. రాజు కూచున్న చోట ఇంగ్లీషు గవర్నరు కూచుని నిలమేలను నియమించడం, బుద్ధుడి దంతధాతువుకి కాపలా పెట్టడం మొదలైంది. 1832లో రాజకార్య వెట్టిని రద్దు చేసినప్పుడు కూడా విహారాల కింది సేవలు రద్దు కాలేదు. మామూలు రైతుకి వచ్చిన విడుదల విహారం రైతుకి రాలేదు. నా దృష్టిలో ఈ కథలో మొదటి అన్యాయం ఇది. అప్పుడు దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడిందంతా మిషనరీలు, అదీ వేరే కోణంలో. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకి కొమ్ముకాయడమేమిటని 1839లో వాళ్లలో స్పెన్స్ హార్డీ అనే ఒకాయన పుస్తకమే వేశాడు. లండన్ కదిలింది. 1847లో దంతధాతువును వదిలించుకున్నారు, 1848లో తిరుగుబాటు రాగానే మళ్లీ పట్టుకున్నారు, 1853లో మళ్లీ వదిలారు.

ఇలా చేతులు దులుపుకోవడం వల్ల ఏం జరిగిందో, ప్రభుత్వం గుళ్లలోంచి పూర్తిగా తప్పుకోవాలని ఇవాళ మన దేశంలో వాదించేవాళ్లు శ్రద్ధగా చూడాలి. రాజు తీర్పుతో నడిచిన వ్యవస్థలోంచి తీర్పు చెప్పేవాడు వెళ్లిపోయాడు. ఆ స్థానంలో ఎవరూ రాలేదు. నిలమేల మీద అజమాయిషీ పోయింది. అది కాఫీ తోటలు కొండలెక్కుతున్న కాలం. 1840 నాటి చట్టం దస్తావేజు చూపించలేని అడవినీ పోడునీ సర్కారు భూమిగా లెక్కకట్టింది. విహారాల హక్కులు ఎక్కువగా అలవాటు మీదా, తాళపత్రాల మీదా, ఊరి జ్ఞాపకం మీదా నిలిచినవి. 1856లో విహార భూముల్ని నమోదు చేసే చట్టం తెచ్చి హద్దులు తేల్చే పని మొదలుపెట్టారు. పెత్తనం వద్దనుకున్న ప్రభుత్వం పదేళ్లు తిరక్కుండానే గొలుసు పట్టుకుని కొలతకి రావలసి వచ్చింది.

1870 నాటి సేవా కౌళ్ల చట్టం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా కనిపిస్తుంది. దాని కింద ఊరూరా తిరిగి పంగు పంగుకీ ఏ కుటుంబం ఏ పని బాకీ ఉందో, దాని వెల ఎంతో రిజిస్టర్లు రాశారు. ఇష్టమైతే పనికి బదులు డబ్బు కట్టి తప్పించుకోవచ్చన్నారు. ఈ వరుసలో రైతు పేరు, అతని బాధ్యత హద్దు కాగితానికెక్కిన ఒకే ఒక్క చట్టం ఇది. అంతకుముందు సేవకి హద్దు లేదు, ఎంత చెయ్యమంటే అంత. రిజిస్టరు వచ్చాక కనీసం ఇంతకన్నా మించి అడగకూడదన్న గీత పడింది. కానీ ఆ పుస్తకం రెండువైపులా కోసింది. పుట్టుకతో వచ్చిన కులం పనిని అది కోర్టులో చెల్లే బాకీగా మార్చింది. డోలు కుటుంబం డోలు కుటుంబంగానే ఉండాలని సర్కారు సిరాతో రాసినట్టయింది.

ఆ తర్వాతి చట్టాలన్నీ పైవాళ్ల పంచాయితీలు. 1889లో గవర్నరు గోర్డన్ కాలంలో విహారాల ఆస్తుల్ని భిక్షువుల చేతిలోంచి తీసి గృహస్థ ధర్మకర్తలకీ, ఎన్నికైన కమిటీలకీ ఇచ్చారు. కమిటీలు పనిచెయ్యలేదు, వ్యాజ్యాలు పెరిగాయి. 1905లో సవరించారు. 1931లో మొత్తం తిరగరాశారు. ఇప్పటికీ నడుస్తున్నది ఆ 1931 నాటి 19వ నంబరు చట్టమే. దాని ప్రకారం విహారాధిపతి ధర్మకర్తను ప్రతిపాదిస్తాడు. కావాలంటే తన పేరే ఇచ్చుకోవచ్చు. లెక్కలు మొదట పబ్లిక్ ట్రస్టీకి పంపాలన్నారు, తర్వాత ఆ అజమాయిషీ బౌద్ధ వ్యవహారాల కమిషనరు చేతికొచ్చింది. భిక్షువు వ్యక్తిగత ఆస్తి గురించి అందులో ఒక మంచి నియమం ఉంది. బతికుండగా ఎవరికీ ఇవ్వకుండా ఆయన చనిపోతే ఆ ఆస్తి ఆయన విహారానికి చెందుతుంది, బంధువులకి కాదు. సంఘం సొమ్ము సంఘంలోనే ఉండాలన్న వినయ నియమానికి అది చట్టంలో దగ్గరి రూపం. కానీ లెక్క రాసేదీ, ఖర్చుపెట్టేదీ, ధర్మకర్తను ఎంచుకునేదీ ఒక్కడే అయినప్పుడు ఎంత దూరాన ఉన్న కమిషనరైనా చెయ్యగలిగింది తక్కువ. ఇక విహారాధిపతి పదవి గురువు నుంచి శిష్యుడికి వచ్చే వారసత్వం. ఏ శిష్యుడికి అన్న తగాదాతో లంక కోర్టుల తీర్పుల సంపుటాలు నిండి ఉన్నాయి.

దంతధాతువు ఉండే కాండీ దళదా మాళిగావకి గృహస్థ అధిపతి దియవదన నిలమే. పదవీకాలం పదేళ్లు. ఆయన్ని ఎన్నుకునే ఓటర్లలో మల్వత్త, అస్గిరియ భిక్షు శాఖల మహానాయకులు ఉంటారు, దేవాలయాల నిలమేలు ఉంటారు, విహారాల ధర్మకర్తలు ఉంటారు, బౌద్ధులైన డివిజనల్ కార్యదర్శులు, అంటే ప్రభుత్వ ఉద్యోగులూ ఉంటారు. ఎసల పెరహెర ఉత్సవపు రాత్రుళ్లలో కాగడాలు మోసి, డోళ్లు వాయించి, కొరడాలు ఝళిపించి ఆ ఊరేగింపును నడిపేవాళ్లలో తరతరాలుగా పంగు భూమికి బదులుగా ఆ పని చేస్తున్న కుటుంబాలున్నాయి. వాళ్లకి ఆ జాబితాలో ఓటు లేదు. అంతేకాదు, మల్వత్త, అస్గిరియ శాఖల్లో ఉపసంపద, అంటే పూర్తి భిక్షు దీక్ష, గొవిగమ కులానికే పరిమితం. విహారం భూమి దున్ని, విహారం డోలు వాయించిన ఇంటి పిల్లవాడు ఆ విహారంలో భిక్షువు కాలేడు. కులాన్ని కాదన్న బుద్ధుడి పేర నడిచే భూమి మీద ఇది సాగుతోందంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని లంకలోనే చాలామంది బౌద్ధులు చెప్పారు కూడా. అమరపుర శాఖ పుట్టిందే అందుకు.

స్వాతంత్ర్యం తర్వాత దీన్ని సరిదిద్దే అవకాశాలు రెండు మూడు వచ్చాయి. 1959లో బుద్ధశాసన కమిషన్ విహారాల ఆస్తుల నిర్వహణను సంస్కరించాలంది. కాండీ మహానాయకులు ఒప్పుకోలేదు. 1968లో నిందగమల కింద ప్రభువులకి చేసే సేవల్ని చట్టం రద్దు చేసింది. విహారగమల్ని, దేవాలగమల్ని ముట్టుకోలేదు. 1972 భూసంస్కరణ చట్టం మనిషికి యాభై ఎకరాలు, వరి భూమైతే పాతికెకరాలు అని పరిమితి పెట్టింది. విహారాల భూములకి మళ్లీ మినహాయింపు. ఆ ఏడాదే వచ్చిన రాజ్యాంగం బౌద్ధానికి ప్రథమ స్థానం ఇచ్చింది. 1832 నుంచి 1972 దాకా ప్రతి విడుదలా విహారం గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. ప్రభువుకి చేసే చాకిరీ అవమానమని ఒప్పుకున్న రాజ్యం, అదే చాకిరీ విహారానికి చేస్తే పుణ్యమంది.

ఇటీవల లంక ఉత్తర, తూర్పు రాష్ట్రాల్లో జరుగుతున్నదాన్ని కూడా ఈ వరుసలోనే చూడాలి. 2020లో తూర్పు రాష్ట్రంలో పురావస్తు వారసత్వానికంటూ రక్షణశాఖ కార్యదర్శి అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేశారు. తమిళులు, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతానికి వేసిన ఆ కమిటీలో మొదట అందరూ సింహళీయులే. ములైత్తీవు జిల్లాలో కురుందూర్ కొండ మీది పాత విహారం చుట్టూ ఎంత భూమి పురావస్తు శాఖదన్న తగవు ముదిరి, 2023లో అప్పటి అధ్యక్షుడు రణిల్ విక్రమసింఘే నిలదీశాక ఆ శాఖ డైరెక్టర్ జనరల్ రాజీనామా చేశారు. కొండ కింద సాగు చేసుకుంటున్న తమిళ రైతులకి అక్కడ రెండు వేల ఏళ్ల నాటి స్తూపం ఉందా లేదా అన్నది తగవే కాదు. ఉంటే ఉంది. తమ పొలం ఎవరు కొలుస్తున్నారు, ఏ అధికారంతో కొలుస్తున్నారు అన్నదే వాళ్ల ప్రశ్న.

బుద్ధగయ తగవు మనకి దగ్గరిది. ఎక్కువమందికి తెలిసింది సగమే. పదహారో శతాబ్దం చివర గిరి సంప్రదాయపు శైవ సన్యాసులు అక్కడ మఠం పెట్టుకున్నారు. మహాబోధి ఆలయం వాళ్ల ఆధీనంలోకి వచ్చింది. 1880లలో బ్రిటిష్ ప్రభుత్వం ఆలయాన్ని బాగుచేయించింది. 1891 జనవరిలో లంక నుంచి అనగారిక ధర్మపాలుడు వచ్చి చూసి, దీన్ని బౌద్ధులకి ఇప్పించడమే తన పని అనుకున్నాడు. 1895 ఫిబ్రవరిలో జపాన్ నుంచి వచ్చిన బుద్ధ విగ్రహాన్ని ఆయన పై అంతస్తులో నిలబెడితే మఠాధిపతి అయిన మహంతు మనుషులు తీసేశారు. కేసు కలకత్తా హైకోర్టు దాకా వెళ్లి మహంతు పక్షానికే అనుకూలమైంది. 1922 గయ కాంగ్రెసు తర్వాత రాజేంద్రప్రసాద్ ఉమ్మడి కమిటీ మార్గం సూచించారు. చివరికి 1949లో బీహార్ శాసనసభ బుద్ధగయ ఆలయ చట్టం చేసింది. 1953 మే 28న, బుద్ధపూర్ణిమ నాడు నిర్వహణ చేతులు మారింది.

ఆ చట్టం ప్రకారం కమిటీలో అధ్యక్షుడు కాక ఎనిమిది మంది. నలుగురు బౌద్ధులు, మహంతుతో కలిపి నలుగురు హిందువులు. అధ్యక్షుడు గయ జిల్లా మేజిస్ట్రేటు. ఆయన హిందువు కాకపోతే ఆ పదవికి ప్రభుత్వం ఒక హిందువుని నియమించాలని అసలు చట్టంలో ఉండేది. 2013లో సవరించి ఏ మతం మేజిస్ట్రేటైనా ఉండొచ్చన్నారు. సగం సగం కమిటీకి పైన ప్రభుత్వ ఉద్యోగి అన్నది 1949లో సర్దుబాటే కావచ్చు. బౌద్ధులకి తమ అతి పవిత్ర స్థలంలో మెజారిటీ లేకపోవడాన్ని ఇవాళ సమర్థించే తర్కం నాకు కనపడదు. 1990లలో భదంత సురై ససై నడిపిన ఆందోళన, 2025 ఫిబ్రవరిలో భిక్షువులు మొదలుపెట్టిన దీక్ష అడిగింది అదే. వాళ్లు అడిగేది న్యాయం.

అయితే ఈ చట్టం చూసుకున్నది గుడినీ, దాని ఆవరణనీ, దాని ఆస్తినీ. మఠానికున్న వేల ఎకరాల వ్యవసాయ భూమి దాని బయట ఉండిపోయింది. గుడి చేతులు మారినా పొలం మారలేదు. భూపరిమితి చట్టం వచ్చాక ఆ భూమి దేవుళ్ల పేర, శిష్యుల పేర, ట్రస్టుల పేర చీలి కాగితం మీద పరిమితిలోకి దూరింది. దున్నేది భుయియాలు, అంటే ముసహర్లు. ఊరి చివర గుడిసెల్లో ఉంటూ, మఠం కచేరీలో చాకిరీ చేస్తూ, కూలి గింజల మీద బతికిన జనం. 1978లో ఛాత్ర యువ సంఘర్ష వాహిని యువకులు అక్కడికి వెళ్లారు. జయప్రకాశ్ నారాయణ్ ప్రభావంలో పెరిగిన పిల్లలు వాళ్లు. హింస లేకుండా, దున్నేవాళ్లనే కూడగట్టి, మఠం భూమిలో నాగలి పెట్టించారు. 1979 ఆగస్టులో ఇద్దరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉద్యమం ఆగలేదు. ప్రభుత్వం చివరికి సుమారు వెయ్యి ఎకరాల అక్రమ భూమిని పంపకానికి గుర్తించింది.

పట్టాలు రాసే వేళకి అసలు ప్రశ్న లేచింది. పోలీసుల ముందు నిలబడ్డది, దెబ్బలు తిన్నది, జైలుకెళ్లింది ఆడవాళ్లూ మగవాళ్లూ. అధికారులు పట్టా మగవాడి పేరే రాస్తామన్నారు, ఇంటి యజమాని అతనే కదా అన్నారు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. భూమి మొగుడి పేర పడితే వాడు ఇంకో మహంతు అవుతాడన్న భయాన్ని వాళ్లు సభల్లో నిర్మొహమాటంగా చెప్పారు. చివరికి కొన్ని ఊళ్లలో ఆడవాళ్ల పేర్లతో పట్టాలొచ్చాయి. స్వతంత్ర భారతదేశంలో ఇలాంటి విజయాలు బహు తక్కువ. బీనా అగర్వాల్ స్త్రీల భూమి హక్కు మీద రాసిన పెద్ద పుస్తకంలో దీన్ని వివరంగా చర్చించారు. కానీ బుద్ధగయ పేరెత్తితే ఆలయ కమిటీ తగవే గుర్తొస్తుంది, ఈ ఆడవాళ్లు గుర్తురారు. 2013లో థాయిలాండ్ నుంచి వచ్చిన 289 కిలోల బంగారంతో ఆలయ శిఖరానికి తొడుగు వేశారు. అది గ్రాముల లెక్కన అందరికీ తెలుసు. మఠం కింది భూముల్లో ఎవరి పేర ఎంత తేలిందో జిల్లా జనానికే సరిగ్గా తెలియదు.

థాయిలాండ్‌లో తగవు మరో రకం. అక్కడ రాజ్యం విహారాల్ని 1902 నుంచీ సంఘ చట్టంతో కట్టింది. విహారం కింది ఆదాయపు భూమిని పార్లమెంటు చట్టం లేకుండా అమ్మడానికి వీల్లేదు. పాడుపడ్డ విహారాల భూములు, కేంద్ర ధార్మిక ఆస్తులు జాతీయ బౌద్ధ కార్యాలయం చూస్తుంది. ఇంత గట్టి చట్టం ఉన్నా ఆల్పైన్ గోల్ఫ్ భూమి వ్యవహారం జరిగింది. ఒక వృద్ధురాలు బ్యాంకాక్ పక్కనున్న పథుమ్ థానీలో తన పొలాల్ని ఒక విహారానికి వీలునామా రాసి చనిపోయింది. 1990లో ఆ భూమి చేతులు మారి గోల్ఫ్ మైదానం అయింది. భూమి విహారానిదేనని రాజ్యమండలి 2001లో తేల్చింది. మరుసటి ఏడాది హోంశాఖ ఉన్నతాధికారిగా ఉన్న యోంగ్యుత్ విచైదిత్ ఆ నిర్ణయాన్ని తిప్పేశాడు. తర్వాత ఆయన ఉపప్రధాని కూడా అయ్యాడు. కోర్టు రెండేళ్ల శిక్ష వేస్తే 2019లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అమ్మకూడదన్న చట్టానికి తాళం చెవి ఒకే శాఖ చేతిలో పెడితే ఇంతే జరుగుతుంది. 2017, 2018లలో బయటపడ్డ విహార నిధుల కుంభకోణంలో మరమ్మతులకని ప్రభుత్వమిచ్చిన డబ్బులో కొంత వెనక్కి తీసుకున్న అధికారులు ఆ బౌద్ధ కార్యాలయం వాళ్లే. 2025 మేలో ఒక ప్రసిద్ధ విహారాధిపతి మీద ముప్ఫై కోట్ల బాత్‌లకి పైగా మళ్లించాడన్న కేసు వచ్చింది. ఆరోపణ ఒకసారి కాపలాదారు మీద, ఒకసారి యజమాని మీద. భిక్షువుని నమ్మాలా అధికారిని నమ్మాలా అన్న వాదన అక్కడ అర్థం కోల్పోయింది.

కొరియా, జపాన్‌ల గురించి ముఖ్యమైన ఒక్క సంగతి కోసం చెబుతాను. 1911లో కొరియాని ఏలుతున్న జపాన్ ప్రభుత్వం విహారాల చట్టం తెచ్చింది. అధిపతిని నియమించాలన్నా, ఎకరం అమ్మాలన్నా గవర్నర్ జనరల్ అనుమతి కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1962లో అదే తరహా చట్టం వచ్చి 1987 దాకా నడిచింది. ఆ రెండు చట్టాల మధ్యలో 1950 భూసంస్కరణ విహారాల కింద కౌలుకున్న పొలాల్ని దున్నేవాళ్లకి ఇచ్చేసింది. జపాన్‌లో మెయిజీ ప్రభుత్వం 1871, 1875లలో విహారాల భూముల్ని గుంజుకుంది. 1947 చట్టంతో విహారాలు నిలిచిన ఆవరణలు తిరిగి వచ్చాయి. కౌలు పొలాలు మాత్రం అమెరికన్ల హయాం నాటి భూసంస్కరణలో రైతులకి పోయాయి. పొలం రైతుకిస్తే ధర్మం నశిస్తుందని లంకలోనూ లదాఖ్‌లోనూ గట్టిగా చెప్పిన మాట ఆ రెండు దేశాల్లో నిజం కాలేదు. విహారాలు చితికిపోయాయి, నిజమే. కొరియాలో అవి కొండదారుల మీద కూచుని టికెట్టు వసూలు చేశాయి, విహారంలోకి రానివాళ్ల దగ్గర కూడా. ఆ గొడవ 2023 మే నెలలో ప్రభుత్వ నిధులతో తీరింది. జపాన్‌లో అపరకర్మల ఆదాయం మీద బతుకుతున్నాయి. ఇబ్బందులున్నాయి కానీ అవి బతికే ఉన్నాయి. దున్నేవాడూ బతికాడు.

మన లదాఖ్ దీనికి ఎదురు ఉదాహరణ. 1950లో షేక్ అబ్దుల్లా ప్రభుత్వం తెచ్చిన పెద్ద ఎస్టేట్ల రద్దు చట్టం దేశంలోనే సాహసమైన భూసంస్కరణ. గొంపాల, అంటే అక్కడి విహారాల, భూముల్ని దాన్నుంచి మినహాయించాలని లదాఖ్ బౌద్ధ గురువు కుశోక్ బకుల రింపోచే పట్టుబట్టి సాధించారు. గొంపాకి ఆధారం భూమేనన్న ఆయన వాదన అర్థం చేసుకోదగిందే. మంచు ఎడారిలో వేరే రాబడి ఏముంటుంది? కానీ మినహాయింపు ఇచ్చేటప్పుడు దున్నే కుటుంబానికి వాటా ఎంత, ఎన్నాళ్లు భద్రత అన్న షరతు కూడా అందులో రాసి ఉండాల్సింది.

మన తెలుగు నేల మీద ఈ సమస్య ఇలా లేదు. అమరావతి, నాగార్జునకొండ శాసనాల్లో అక్షయనీవులు, అంటే తరగని శాశ్వత నిధులు, ఉన్నాయి, శ్రేణుల దగ్గర పెట్టిన మూలధనం ఉంది, దాతల పేర్లున్నాయి. వాటిని అనుభవించిన సంఘం ఎప్పుడో పోయింది. మిగిలినవి పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో కట్టిన బుద్ధవనం పర్యాటక శాఖది. ఇక్కడ బుద్ధుడికి భిక్షువూ లేడు, కౌలుదారూ లేడు. అయినా మనకి ఈ ప్రశ్న బాగా తెలుసు. దేవాదాయ శాఖ, కార్యనిర్వహణాధికారి, కౌలు వేలం, వేలం పాడినవాడి కింద మళ్లీ అసలు సాగుదారు, ఇవన్నీ మన హిందూ ఆలయాల కింద రోజూ జరిగేవే. లంక పంగు రిజిస్టరు మన మాన్యం రైతుకి పరాయిది కాదు.

ఏం చెయ్యాలన్న దగ్గర ఒక పాత శాసనం పనికొస్తుంది. పదో శతాబ్దంలో లంకనేలిన నాలుగో మహిందుడు మిహింతలే కొండ మీద రెండు పెద్ద రాతిపలకలు నిలిపించాడు. ఆ విహారంలో ఎవరికెంత జీతం, ఏ పనివాడికి ఎంత భూమి, ఏ నేరానికి ఏ శిక్ష అన్నీ వాటి మీద ఉన్నాయి. రోజు ఖర్చు రోజు పుస్తకంలో రాయాలి, నెల లెక్క తియ్యాలి, ఏడాది చివర ఆ లెక్క సంఘం మధ్య చదివి వినిపించాలి. పలక నిలబెట్టింది బహిరంగంగా, జీతగాళ్లూ చూడగలిగే చోట. ఇవాళ్టి చట్టాల్లో లెక్క పైకి పోతుంది, కమిషనరుకో కలెక్టరుకో. కిందికి రాదు. దారి మార్చవలసింది ఇక్కడే. ప్రతి విహారం తన భూముల సర్వే నంబర్లు, ఎవరు సాగు చేస్తున్నారు, ఎంత కౌలు, ఎన్నాళ్లకి అన్నది ఆ ఊళ్లోనే గోడ మీద రాసిపెట్టాలి. నిర్వహణ కమిటీలో సాగుదారులు ఎన్నుకున్న మనిషి ఉండాలి. కులాన్ని బట్టి వచ్చే సేవాబాకీని ఒక్కసారి డబ్బుకట్టి శాశ్వతంగా తెంచుకునే హక్కు పంగుదారుకి ఉండాలి, ఆ డబ్బు ప్రభుత్వం భరించాలి.

బుద్ధగయ చట్టాన్ని బీహార్ శాసనసభ మళ్లీ విప్పక తప్పదు. ఇవాళ కాకపోతే రేపు. విప్పినప్పుడు కమిటీలో బౌద్ధుల మెజారిటీతోపాటు ఇంకో ప్రకరణం కూడా చేర్చాలి. ఆలయం, మఠం రెండింటి భూముల జాబితా గెజెట్‌లో వెయ్యాలి, 1980లలో ఇచ్చిన పట్టాలు ఎవరి సాగులో ఉన్నాయో తనిఖీ జరగాలి, ఆ తనిఖీలో అప్పటి ఉద్యమంలో ఉన్న ముసహర్ స్త్రీలు సభ్యులుగా కూచోవాలి. వాళ్లలో కొందరు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు.